బీటెక్ మధ్యలో ఒక సెమిస్టర్ అమెరికాలో: వీసా కన్నా ముందు ఎగ్జామ్ బ్రాంచ్ సంగతి చూడండి

కరీంనగర్ నుంచి ఒక అమ్మగారు రాశారు. వాళ్ల పాప హైదరాబాద్ దగ్గర ఒక అటానమస్ కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ బ్రాంచ్) రెండో సంవత్సరం రెండో సెమ్‌లో ఉందట. కాలేజీకి అమెరికాలో ఒక పబ్లిక్ యూనివర్సిటీతో ఎంఓయూ (రెండు సంస్థల మధ్య ఒప్పందం) ఉంది, మూడో సంవత్సరంలో ఒక సెమిస్టర్ అక్కడ చదివి రావచ్చని నోటీసు పెట్టారట. పాపకి 8.4 సీజీపీఏ, బ్యాక్‌లాగ్స్ లేవు. అమ్మగారి అనుమానాలు ఏంటంటే ఏడాది వేస్ట్ అవుతుందా, ఎంత ఖర్చు, వీసా ఇస్తారా, ఇంకోటి డాలస్‌లో ఉన్న వాళ్ల తమ్ముడు "ఎలాగూ వస్తోంది కదక్కా, ఇక్కడే ఉండిపొమ్మను, ఏదో ఒకటి చూద్దాం" అంటున్నాడు, అది కుదురుతుందా అని.

అమ్మా, నా మాట ముందే చెప్పేస్తా, అన్నీ కుదిరితే పాపని పంపించండి. మన దగ్గర అమెరికా అంటే బీటెక్ అయ్యాక ఎంఎస్ అనే దారి ఒక్కటే అందరికీ తెలుసు, అందుకే ఈ ఎక్స్‌ఛేంజ్ గురించి చుట్టాల్లో ఎవర్ని అడిగినా సరిగ్గా చెప్పలేరు. ఎక్స్‌ఛేంజ్‌లో పాప డిగ్రీ ఇక్కడి కాలేజీదే, ఫీజు కూడా ఇక్కడే కడతారు, అక్కడ ట్యూషన్ ఫీజు ఉండదు, బదులుగా వాళ్ల స్టూడెంట్ ఇటు రావచ్చు, అదీ లెక్క. కానీ ఎంఓయూ ఉంది అని కాలేజీలు చెప్పేవన్నీ ఇలాంటివి కావు. కొన్నిట్లో సీటు మాత్రమే ఇస్తారు, అక్కడి ట్యూషన్ మొత్తం మనమే కట్టుకోవాలి, దాన్ని స్టడీ అబ్రాడ్ అంటారు, రెంటికీ లక్షల్లో తేడా. కాబట్టి ఇంటర్నేషనల్ ఆఫీసుకి వెళ్లి ట్యూషన్ వెయివర్, అంటే అక్కడి ఫీజు మాఫీ, అని ఎంఓయూలో రాసి ఉందా అని అడిగి ఆ పేజీ చూడండి, మొహమాటపడొద్దు.

ఇప్పుడు అసలు విషయం. అందరూ వీసా గురించి భయపడతారు, నాకు మాత్రం భయం ఎగ్జామ్ బ్రాంచ్ గురించి. కొన్నేళ్ల క్రితం నా దగ్గరికి ఒకబ్బాయి వచ్చాడు, అక్కడ ఒక సెమ్ బాగా చదివి మంచి గ్రేడ్లతో వచ్చాడు, వచ్చాక వాళ్ల కాలేజీ ఈ సబ్జెక్టులు మన సిలబస్‌తో మ్యాచ్ అవ్వట్లేదు అని క్రెడిట్స్ ఇవ్వలేదు, పాపం జూనియర్స్‌తో కూర్చుని ఆ సెమ్ మొత్తం మళ్లీ రాశాడు. వెళ్లే ముందు హెచ్ఓడీ గారు "చూసుకుందాంలే" అన్నారట, కాగితం మీద ఏమీ లేదు. ఆ అబ్బాయి మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

మన బీటెక్ చాలా చోట్ల మొత్తం 160 క్రెడిట్లు, అంటే సెమ్‌కి సుమారు 20. అమెరికాలో ఫుల్ టైమ్ అంటే 12 క్రెడిట్లు, మామూలుగా 15 తీసుకుంటారు, ఒక్కో కోర్సు మూడో నాలుగో క్రెడిట్లు. అంటే అక్కడ ఎంత కష్టపడ్డా నాలుగైదు సబ్జెక్టులే అవుతాయి, మన వైపు ఇంకా ఒకటో రెండో సబ్జెక్టులు, ఒక ల్యాబ్ మిగులుతాయి. ఈసీఈ మూడో సంవత్సరం రెండో సెమ్‌లో చాలా కాలేజీల్లో యాంటెన్నాస్, డీఎస్పీ (డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్), వీఎల్ఎస్ఐ (చిప్ డిజైన్) ఉంటాయి కదా, డీఎస్పీకీ వీఎల్ఎస్ఐకీ అక్కడ జోడీ తేలిగ్గానే దొరుకుతుంది, యాంటెన్నాస్ మాత్రం ఆ సెమ్‌లో వాళ్లు పెడతారన్న గ్యారంటీ లేదు. ఇంకో చిక్కు, చాలా కోర్సులకి ప్రీరిక్విజిట్, అంటే ముందే చదివి ఉండాల్సిన సబ్జెక్టు, ఉంటుంది, సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ చదివినట్టు చూపిస్తే గానీ డీఎస్పీలో చేరనివ్వరు, దానికి ఇక్కడి సిలబస్ కాపీ పంపాలి. అందుకని ఇక్కడి సబ్జెక్టు ఏది, దానికి బదులు అక్కడ ఏది, ఎన్ని క్రెడిట్లు, వాళ్ల ఏ, బీ గ్రేడ్లు మన పది పాయింట్ల స్కేల్‌లోకి ఎలా మారుస్తారు, మిగిలిన సబ్జెక్టులు స్వయం (కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల పోర్టల్) కోర్సుగా చేయొచ్చా లేక తర్వాత రాయాలా, అటెండెన్స్ ఎలా వేస్తారు, ఇవన్నీ ఒక టేబుల్‌లా రాయించి హెచ్ఓడీ, డీన్, కంట్రోలర్ ఆఫ్ ఎగ్జామినేషన్స్ ముగ్గురి సంతకాలూ తీసుకోండి. ప్రతి కోర్సుకీ ఒక స్పేర్ కూడా రాయించండి, అక్కడికి వెళ్లాక సీట్లు నిండిపోయి మార్చుకోవాల్సి రావడం మామూలే. ఈ కాగితం చేతికి రాకుండా ఒక్క రూపాయి కూడా కట్టొద్దు.

ఏ సెమ్ అంటే నా ఓటు మూడో సంవత్సరం రెండో సెమ్‌కే. అక్కడ స్ప్రింగ్ సెమిస్టర్ జనవరిలో మొదలై మే మొదట్లో అయిపోతుంది, ఫాల్ అయితే ఆగస్టు నుంచి డిసెంబరు. మే నెలలో వచ్చేస్తే మిగిలిన ల్యాబో సబ్జెక్టో చూసుకుని నాలుగో సంవత్సరం మొదట్లో ప్లేస్‌మెంట్స్‌కి పాప ఇక్కడే ఉంటుంది, ఫైనల్ ఇయర్ మొదటి సెమ్‌లో పంపితే క్యాంపస్ డ్రైవ్‌లన్నీ పోతాయి. అయితే సమ్మర్ ఇంటర్న్‌షిప్‌కి కొన్ని కంపెనీలు ఆ రెండో సెమ్‌లోనే తీసుకుంటాయి, టైమ్ తేడాతో అక్కడ రాత్రిపూట ఆన్‌లైన్ టెస్టులు రాయాల్సి రావచ్చు, ప్లేస్‌మెంట్ సెల్‌కి ముందే చెప్పి పెట్టండి. స్ప్రింగ్‌కి వెళ్లాలంటే కాలేజీ నామినేట్ చేయడం, అక్కడ అప్లికేషన్ ఇవన్నీ చాలా చోట్ల ముందు ఏడాది సెప్టెంబరు, అక్టోబరు లోపే అయిపోవాలి, టోఫెల్ లాంటి ఇంగ్లిష్ టెస్ట్ అడిగితే అది కూడా. అంటే ఈ ఎండాకాలం సెలవులే మీకున్న టైమ్.

ఖర్చు సంగతి. ట్యూషన్ లేకపోయినా ఉండటం, తినడం మనదే. చాలా పబ్లిక్ యూనివర్సిటీల్లో హాస్టలూ మీల్ ప్లానూ కలిపి సెమిస్టర్‌కి 5 నుంచి 8 వేల డాలర్లు అవుతుంది, పైన టికెట్లు, ఇన్సూరెన్స్, పుస్తకాలు, చలి కోటు, జనవరిలో ఆ చలి మన ఊహకి కూడా అందదు. మొత్తం మీద 8 నుంచి 10 లక్షలు చేతిలో ఉంచుకోండి. అకౌంట్‌లో డబ్బు చూపిస్తేనే పేపర్లు వస్తాయి, ఎవరి దగ్గరో వారం రోజులకి తెచ్చి వేసి చూపించే పద్ధతి మాత్రం వద్దు. ఇన్సూరెన్స్ ఏదో ఒకటి చవగ్గా తీసుకుంటే ఒప్పుకోరు, జే-1 (ఎక్స్‌ఛేంజ్ వీసా) వాళ్లకి రూల్ ఉంది, ఒక్కో జబ్బుకి కనీసం లక్ష డాలర్ల కవరేజీ ఉండాలి, డిడక్టబుల్, అంటే ఇన్సూరెన్స్ కట్టడం మొదలయ్యే ముందు మన జేబులోంచి పెట్టేది, ఒక్కో జబ్బుకి 500 డాలర్లు దాటకూడదు. టీకాల కార్డు కూడా వెతికి పెట్టండి, ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) రెండు డోసులు చాలా యూనివర్సిటీలు అడుగుతాయి.

వీసా. ట్యూషన్ వెయివర్‌తో వెళ్లే ఎక్స్‌ఛేంజ్‌కి మామూలుగా జే-1, దానికి అక్కడి యూనివర్సిటీ డీఎస్-2019 అనే ఫారం పంపుతుంది. ఫీజు కట్టి వెళ్తే మామూలుగా ఎఫ్-1 వీసా, దానికి ఫారం ఐ-20. సెవిస్ (విదేశీ స్టూడెంట్ల వివరాలు ఉంచే అమెరికా ప్రభుత్వ సిస్టమ్) ఫీజు జే-1కి 220 డాలర్లు, వీసా అప్లికేషన్ ఫీజు 185. డీఎస్-160 అనే ఆన్‌లైన్ వీసా ఫారం నింపి వేలిముద్రలు ఇచ్చి నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ. 2025 జూన్ నుంచి స్టూడెంట్ వీసా వాళ్ల సోషల్ మీడియా అకౌంట్లు పబ్లిక్‌లో పెట్టమంటున్నారు, అకౌంట్లు దాచడం, ఇంటర్వ్యూ ముందు రోజు డిలీట్ చేయడం లాంటివి చేయొద్దు. నిజానికి పాప కేసు బలంగా ఉంది, డిగ్రీ ఇక్కడ సగంలో ఉంది, తిరిగి రావడానికి అంతకంటే మంచి కారణం ఏముంటుంది. ఎందుకు వెళ్తున్నావు అంటే తన సబ్జెక్టుల పేర్లు తన మాటల్లో చెప్పాలి, కన్సల్టెన్సీ వాళ్లు బట్టీ పట్టించే జవాబులు అక్కర్లేదు. ఆ సంతకాల టేబుల్ ఇక్కడ కూడా పనికొస్తుంది, ఫైల్‌లో పెట్టి పంపండి.

తమ్ముడుగారి మాట గురించి. ఆయన ప్రేమతోనే అంటున్నారు, కానీ వినొద్దమ్మా. ప్రోగ్రాం అయిపోయాక జే-1 వాళ్లకి 30 రోజులే టైమ్, సర్దుకుని బయల్దేరడానికి. అక్కడే ఉండిపోతే ఇక్కడ డిగ్రీ ఆగిపోతుంది, అక్కడ డిగ్రీ లేదు, రేపు ఎంఎస్‌కి మళ్లీ వీసా అడిగినప్పుడు అదే ముందుకొస్తుంది. పనుల విషయం కూడా అంతే, క్యాంపస్ లోపల వారానికి 20 గంటల వరకు, అది కూడా ముందు యూనివర్సిటీ నుంచి రాతపూర్వకంగా పర్మిషన్ ఉంటేనే. తెలిసినవాళ్ల గ్యాస్ స్టేషన్‌లోనో రెస్టారెంట్‌లోనో క్యాష్‌కి చేయడం అసలు వద్దు, ఎంత దగ్గరి చుట్టమైనా. జే-1 వాళ్లు రెండేళ్లు స్వదేశంలో ఉండాలనే రూల్ గురించి ఎవరైనా భయపెడితే, 2024 డిసెంబరులో స్కిల్స్ లిస్ట్ (ఆ రూల్ ఏ దేశాల వాళ్లకి, ఏ రంగాల్లో వర్తిస్తుందో చెప్పే జాబితా) నుంచి ఇండియాని తీసేశారు, కానీ ప్రభుత్వ డబ్బుతో వెళ్తే ఆ రూల్ ఇంకా వర్తిస్తుంది, వీసా మీద ఏం రాశారో చూసుకోండి.

అక్కడికి వెళ్లాక చదువు తీరు వేరు. వారం వారం హోమ్‌వర్క్, క్విజ్‌లు, మిడ్‌టర్మ్‌లు అన్నీ గ్రేడ్‌లో కలుస్తాయి, చివరి వారం కూర్చుని చదివితే నడవదు. ఇక్కడ ల్యాబ్ రికార్డులు పక్కవాళ్లవి చూసి రాయడం అలవాటు, అక్కడ అది పెద్ద నేరం, పాపకి స్పష్టంగా చెప్పండి. సబ్జెక్టు కష్టంగా ఉందని డ్రాప్ చేస్తే 12 క్రెడిట్ల కిందకి పోయి వీసా స్టేటస్‌కే ఎసరు వస్తుంది, ముందు అడ్వైజర్‌తో మాట్లాడాలి. ఆ ట్రాన్స్‌క్రిప్ట్ రేపు ఎంఎస్ అప్లికేషన్లలో కూడా పెట్టాలి, గ్రేడ్లు బాగుంటే ఎంత లాభమో బాగోకపోతే అంత నష్టం. ఒక ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్‌కి (స్టూడెంట్లు వచ్చి డౌట్లు అడగడానికి ఆయన కేటాయించే టైమ్) వారం వారం వెళ్తే రికమెండేషన్ లెటర్ దానంతట అదే వస్తుంది. స్ప్రింగ్ బ్రేక్‌లో కొన్ని హాస్టళ్లు మూసేస్తారు, ఆ వారం మాత్రం డాలస్ మామయ్య దగ్గరికి నిశ్చింతగా పంపండి.

ఈ వారంలో పాపని ఎగ్జామ్ బ్రాంచ్‌కి వెళ్లి, ఇదివరకు ఎక్స్‌ఛేంజ్‌కి వెళ్లొచ్చిన సీనియర్ల మెమోలో ఆ సెమ్ క్రెడిట్స్ ఎలా చూపించారో అడగమనండి. ఆ మాట తెలిశాక, అక్కడి కోర్సుల లిస్ట్ కూడా నాకు పంపండి, ఏది దేనికి సరిపోతుందో కలిసి చూద్దాం.