ఫైలు మూసేసినా ఆ ఫొటో వదలడం లేదు

ప్రశ్న: నా వయసు 47. పురపాలక సంస్థ న్యాయ విభాగంలో సీనియర్ లీగల్ ఇన్వెస్టిగేటర్‌ని. సంస్థ మీద నష్టపరిహారం కేసు పడితే ప్రమాదం జరిగిన చోటికి వెళ్లి కొలతలు, ఫొటోలు తీయడం, సాక్షుల వాంగ్మూలాలు రాసుకోవడం, పాత రికార్డులు వెతికి లాయర్లకు నివేదిక ఇవ్వడం నా పని. మూడు నెలల క్రితం మూత లేని మ్యాన్‌హోల్‌లో పడి చనిపోయిన ఒక బాబు కేసు చూశాను. అప్పటినుంచి తెల్లవారుజామున మూడింటికి మెలకువ వస్తోంది. గుండె దడ, చెమట. ఫొటోలో గట్టు మీద ఉన్న ఆ బాబు చెప్పు కళ్లముందే ఉంటోంది. మెడ పట్టేసి తల వెనక నొప్పి. మందుల షాపులో చూపించుకుంటే బీపీ 152/96. ఇది గుండె జబ్బా? డాక్టర్ దగ్గరికి వెళ్లానని తెలిస్తే ఆఫీసులో ఇక పనికిరానని అనుకుంటారేమో. ఏం చేయమంటారు?

జవాబు: మీరు రాసిన బీపీ అంకె కంటే ఆ చెప్పు దగ్గరే నేను ఎక్కువసేపు ఆగాను. అయినా ముందు గుండె సంగతి తేల్చుకుందాం. ‘అంతా టెన్షన్ వల్లే’ అని తమకు తాము సర్దిచెప్పుకుని అసలు జబ్బును ముదరబెట్టుకున్నవాళ్లను చూశాను.

ఈ వారంలోనే జనరల్ ఫిజీషియన్‌ని కలవండి. ఈసీజీ, షుగర్, హిమోగ్లోబిన్, థైరాయిడ్, కిడ్నీ, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయిస్తారు. థైరాయిడ్ ఎక్కువైనా, రక్తం తక్కువగా ఉన్నా దడ వస్తుంది. నిద్రలో గట్టిగా గురక పెడుతున్నారా, మధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతోందా అని ఇంట్లోవాళ్లను అడగండి. స్లీప్ ఆప్నియా ఉన్నవాళ్లకు బీపీ పెరుగుతుంది, రాత్రి ఉలిక్కిపడి లేవడమూ ఉంటుంది. ఛాతీ మీద బరువు పెట్టినట్టు నొప్పి వచ్చి దవడకో చేతికో పాకినా, ఊపిరి ఆడకపోయినా, స్పృహ తప్పినా, ఉన్నట్టుండి ఒక పక్క చేయీ కాలూ పట్టు తప్పినా తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.

మందుల షాపులో నిలబడి హడావుడిగా చూపించుకున్న ఒక్క రీడింగ్‌తో బీపీ ఉందనీ లేదనీ చెప్పలేం. ఇంట్లో ఏడు రోజులు చూసుకోండి. అరగంట ముందు నుంచి కాఫీ, సిగరెట్ వద్దు. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. ఉదయం రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, ఒక్కో నిమిషం తేడాతో చూసి రాసుకోండి. మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతావాటి సగటు తీయండి. 135/85 లేదా అంతకంటే ఎక్కువ వస్తే బీపీ ఉన్నట్టే. అప్పుడు మందులు కావాలో లేదో మీ డాక్టర్ చెబుతారు.

ఇక ఆ చెప్పు గురించి. ప్రమాదాన్ని కళ్లారా చూసినవాళ్లకే మనసు దెబ్బతింటుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో తెచ్చిన డీఎస్‌ఎం-5 అనే మానసిక జబ్బుల నిర్ధారణ పుస్తకంలో, ఉద్యోగరీత్యా ఘోరమైన వివరాలను మళ్లీ మళ్లీ చూడాల్సి రావడం కూడా పీటీఎస్‌డీకి, అంటే ఘోరమైన అనుభవం తర్వాత మనసును వదలకుండా వేధించే జబ్బుకు, దారితీయవచ్చని రాశారు. ఫొటోలు, వీడియోల ద్వారా చూసినా, అది పనిలో భాగమైతే లెక్కలోకి వస్తుంది. మీకు పీటీఎస్‌డీ ఉందని నేను ఇక్కడినుంచి తేల్చలేను. కానీ నెల దాటినా ఆ దృశ్యం వెంటాడుతోంది, నిద్ర చెడింది. ఈ రెండూ చాలు, సైకియాట్రిస్టునో క్లినికల్ సైకాలజిస్టునో కలవడానికి.

మీ పనిలో ఇంకో బరువు ఉంది. అందరూ ఆ ఫొటోను ఒక్కసారి చూసి తల తిప్పేసుకుంటారు. మీరు అలా తిప్పుకోలేరు. మూత ఎంత దూరంలో పడి ఉంది, వీధిలైటు వెలుగుతోందా, ముందే ఫిర్యాదు వచ్చిందా అని దాన్ని పెద్దది చేసి మరీ చూడాలి. పైగా మీరు సంస్థ తరఫు మనిషి. కన్నతల్లి ఏడుస్తూ చెబుతుంటే రాసుకోవాలి, ఆవిడ చెప్పిన టైముకూ రికార్డులో ఉన్న టైముకూ తేడా ఉందేమో వెతకాలి. మీ డ్యూటీ మీరు చేశారు. నిజం బయటికి రావాలంటే ఎవరో ఒకరు ఆ పని చేయాల్సిందే. అయినా బిడ్డను పోగొట్టుకున్న తల్లి మాటను అనుమానించాల్సి వచ్చిందన్న బాధ లోపల ఉండిపోతుంది. నివేదికలో దానికి చోటు లేదు. ఇన్నేళ్ల అనుభవం ఉంటే ఇవి తట్టవనుకోవడం పొరపాటు. ఒక్కోసారి పాత కేసులన్నీ కలిసి కొత్త కేసు రూపంలో బయటపడతాయి.

దీనికి మంచి వైద్యం ఉంది. ట్రామా ఫోకస్డ్ సీబీటీ (ఆ ఘటన చుట్టూ అల్లుకున్న ఆలోచనలను మాటల ద్వారా సరిచేసేది), ఈఎండీఆర్ (కళ్లు అటూ ఇటూ కదిలిస్తూ ఆ జ్ఞాపకం పెట్టే బాధను తగ్గించేది) అనే చికిత్సలు సాధారణంగా 8 నుంచి 12 సిట్టింగులు ఉంటాయి. నిద్ర కోసమని ఎవరో చెప్పిన ఆల్‌ప్రజోలామ్ లాంటి మాత్రలు మీ అంతట మీరు వేసుకోవద్దు. అవి అలవాటవుతాయి తప్ప ఈ బాధను తగ్గించవు. మద్యం తాగితే త్వరగా నిద్ర పట్టవచ్చు గానీ, మూడింటికి లేపేది కూడా అదే కావచ్చు. కాఫీ మధ్యాహ్నంతో ఆపేయండి.

మెడనొప్పికి ఫైళ్లు, స్క్రీన్ కళ్ల ఎత్తుకు తెచ్చుకోండి. అరగంటకోసారి లేచి భుజాలు తిప్పండి. పళ్లు బిగపట్టి కూర్చుంటున్నారేమో గమనించండి, తల వెనక నొప్పికి అదీ ఒక కారణమే.

పని మానేయక్కర్లేదు, చూసే పద్ధతి మార్చండి. ఫొటో తెరిచేముందు అందులో ఏం వెతకాలో కాగితం మీద రాసుకోండి. అది దొరకగానే మూసేయండి. రంగులు అక్కర్లేని చోట నలుపు తెలుపులో, చిన్న సైజులో చూడండి. వీడియో మొదటిసారి శబ్దం లేకుండా చూడండి, అరుపులు మనసులో నాటుకుపోతాయి. సాయంత్రం ఆఖరి గంటలో ఇలాంటి ఫైలు ముట్టుకోవద్దు, ఇంటికి అసలు తేవద్దు. పిల్లలు చనిపోయిన కేసులు వరసగా రాకుండా పంచమని పై అధికారిని అడగవచ్చు. అందుకు మీ ఆరోగ్యం గురించి చెప్పాల్సిన పనిలేదు.

ఆఫీసు భయం నాకు అర్థమైంది. మీరు డాక్టర్‌కు చెప్పేది గోప్యంగానే ఉంటుంది. కేసు నంబరు, పేర్లు, వీధి ఏవీ చెప్పకుండానే మీకు ఏం జరుగుతోందో చెప్పవచ్చు. బతకాలని లేదన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే మాత్రం ఎవరు ఏమనుకుంటారోనని చూడకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి, ఇంట్లో ఒకరికి చెప్పండి.

బీపీ రాసుకున్న కాగితంతో పాటు నాకు పంపిన ఈ ఉత్తరాన్ని కూడా వెంట తీసుకెళ్లండి. ఎదురుగా కూర్చున్నాక దడ, మెడనొప్పి చెప్పి లేచి వచ్చేయాలనిపిస్తుంది. అప్పుడు చెప్పు గురించి రాసిన ఆ వాక్యాన్ని చదివి వినిపించండి.