చెట్టుకి మొక్కితే నన్నేమంటారు?

పోయిన సంచికలో మేడారం గురించి రాస్తూ, అక్కడ గద్దెల మీద విగ్రహమంటూ ఏదీ ఉండదు, చిలుకలగుట్ట నుంచి కోయ వడ్డెలు (అక్కడి పూజారులు) మోసుకొచ్చే కుంకుమ భరిణే సమ్మక్క అని ఓ రెండు లైన్లు రాశానా, అంతే, ఉత్తరాలు మెయిళ్ళు వచ్చి పడ్డాయి. విగ్రహం లేకుండా దేవుడేంటని కొందరు, అసలు చెట్లూ గుట్టలే దేవుళ్ళని కొందరు, మా ఇంటి చెట్టు సంగతి చెప్పమని కొందరు. అన్నిటికీ జవాబు రాయాలంటే పుస్తకమవుతుంది, కొన్నే తీసుకుంటున్నా. నేను స్వామీజీని కాదు, రిటైరైన టీచరమ్మని, నాకు తోచింది చెప్తా, నచ్చకపోతే మళ్ళీ ఉత్తరం రాసి తిట్టండి.

ప్రశ్న: అక్కా, నేను గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తా. గుడికెళ్తే నాకేం అనిపించదు, క్యూ, చెప్పుల స్టాండు, సెల్ఫీలు, ఇవే కనిపిస్తాయి. కానీ నల్లమలలో సలేశ్వరం వెళ్ళినప్పుడు లోయలోకి దిగి ఆ నీళ్ళు పడే చోట నిలబడితే ఎందుకో ఏడుపొచ్చింది. ఫ్రెండుకి చెప్తే నువ్వు పాంథియిస్టువిరా అన్నాడు. అంటే నాస్తికుడినా? అమ్మకి చెప్పొచ్చా?

జవాబు: చెప్పు తమ్ముడూ, కాకపోతే ఆ ఇంగ్లీషు మాట వాడకు, ఏదో కొత్త జబ్బనుకుంటుంది. పాంథియిజం అంటే దేవుడు పైనెక్కడో కూర్చుని ఈ లోకాన్ని నడపడం కాదు, ఈ లోకమే దేవుడు అని. పాంథియిస్ట్ అనే మాటని 1705లో జాన్ టోలండ్ అనే ఐర్లండ్ ఆయన పుట్టించాడు గానీ ఆ ఆలోచనకి అందరూ చెప్పే పేరు స్పినోజా. ఆమ్‌స్టర్‌డామ్‌లో యూదుల ఇంట పుట్టాడు, 1656లో ఇరవై మూడేళ్ళకే సొంత సమాజం వెలేసింది, కళ్ళద్దాల గాజులు సానపట్టుకుంటూ బతికాడు. దేవుడన్నా ప్రకృతన్నా ఒకటే అనేది ఆయన మాట. నాస్తికుడని తిట్టారు, వందేళ్ళ తర్వాత ఒక జర్మన్ కవి అదే మనిషిని దేవుడి మత్తెక్కినవాడు అన్నాడు. 1929లో న్యూయార్క్ రబ్బీ ఒకాయన ఐన్‌స్టీన్‌కి మీరు దేవుణ్ణి నమ్ముతారా అని టెలిగ్రామ్ కొడితే స్పినోజా దేవుణ్ణి నమ్ముతా అని తిరుగు టెలిగ్రామ్ ఇచ్చాడు. కాబట్టి నీకు తోడు బాగానే ఉంది.

మనకిది కొత్తా అంటే కాదు. సర్వం ఖల్విదం బ్రహ్మ, అంటే ఇదంతా బ్రహ్మమే అని ఛాందోగ్య ఉపనిషత్తు ఎప్పుడో అనేసింది, ప్రహ్లాదుడి పద్యం మూడో తరగతి పిల్లాడికీ నోటికొచ్చు. అయితే మనవాళ్ళు ఇంకో మెలిక పెట్టారు. గీత తొమ్మిదో అధ్యాయంలో, భూతాలన్నీ నాలో ఉన్నాయి, నేను వాటిలో లేను అంటాడు కృష్ణుడు. అంటే లోకమంతా ఆయనలోనే, కానీ ఆయన లోకంతో అయిపోడు, ఇంకా మిగిలే ఉంటాడు. (తర్వాతి శ్లోకంలో అవి నాలోనూ లేవు అంటాడు, అదింకో గొడవ, దాన్ని మళ్ళీ చూద్దాం.)

ఇంతా చెప్పి నీతో ఒక పేచీ పెట్టుకుంటా. నీకు ఏడుపొచ్చింది విశ్వాన్ని చూసి కాదు, సలేశ్వరాన్ని చూసి. అంతా దేవుడే అనడానికి పైసా ఖర్చు లేదు, చెరువు పూడ్చి అపార్ట్‌మెంట్ కట్టినవాడు కూడా సిమెంటులోనూ దేవుడున్నాడు అనేసి నిద్రపోవచ్చు. అక్కడ లింగమయ్యకి పూజ చేసే చెంచులని చూశావు కదా, వాళ్ళు ఏ విశ్వం గురించీ మాట్లాడరు, ఈ గుండం, ఈ గుహ, ఈ లింగమయ్య, అంతే. నువ్వు ఏ వాదివో తర్వాత తేల్చుకుందువు గానీ ముందు వచ్చే చైత్ర పున్నమికి మళ్ళీ సలేశ్వరం పో, వీలైతే అమ్మని తీసుకుని పో. లోయ దిగడం కష్టం, ఆవిడ మోకాళ్ళు చూసుకో.

ప్రశ్న: మాది జనగామ దగ్గర పల్లె. మా ఆవరణలో పెద్ద వేపచెట్టు, దాని మొదలు దగ్గర మూడు రాళ్ళు, ముత్యాలమ్మ అంటారు. ఇప్పుడు కొత్తిల్లు కడుతున్నాం, పిల్లర్‌కి అడ్డమొస్తోందని మా ఆయన కొట్టేద్దామంటాడు, మా అత్తమ్మ రెండ్రోజులుగా అన్నం ముట్టట్లేదు, మేస్త్రీ పొద్దున్నే ఫోన్ చేస్తాడు, మధ్యలో నేను. నాకు నమ్మకముందా అంటే తెలీదు మేడం. కానీ బాబుకి అమ్మవారు పోసినప్పుడు ఆ చెట్టు మండలే పక్కలో వేశాం.

జవాబు: చెల్లీ, ముందు మేస్త్రీని కాదు ఇంజినీర్ని అడుగు, పిల్లర్ నాలుగడుగులు జరిపితే ఏమవుతుందని. చాలాసార్లు ఏమీ అవదు, బెడ్రూమ్ ఓ మూల తగ్గుతుంది, అంతే. చెట్టుని మధ్యలో పెట్టుకుని చుట్టూ కట్టుకున్న ఇళ్ళు మన ఊళ్ళల్లో ఎన్ని లేవు.

నమ్మకముందో లేదో తెలీదన్నావు చూడు, నీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన మాట అదే. బాబు ఒళ్ళంతా పొక్కులతో పడుకున్నప్పుడు నువ్వు ముత్యాలమ్మ ఉందా లేదా అని ఆలోచించలేదు, వెళ్ళి మండలు తెంపుకొచ్చావు. మన ఆడవాళ్ళకి ఆ చెట్టుతో ఉన్నది అలాంటి సంబంధమే, ఇచ్చిపుచ్చుకోవడం. మశూచి మన దేశంలో 1975 తర్వాత లేదు, 1980లో ప్రపంచంలోనే పోయిందని చెప్పేశారు. ఏ జబ్బుకి భయపడి రాళ్ళకి పసుపు పూశారో ఆ జబ్బే లేదు, అయినా మీ అత్తమ్మ పసుపు మానలేదు. ఆవిడకి అది భయం కాదిప్పుడు, పక్కింటి పెద్దామె లాంటిది ముత్యాలమ్మ, కొత్తిల్లు కడుతూ పెద్దామెని బయటికి నెట్టేస్తున్నారే అని బాధ.

ఒకవేళ ఎలాగూ తప్పదనుకోండి, దానికీ పద్ధతుంది, మీ ఆయనకి చెప్పు. పదిహేను వందల ఏళ్ళ కింద వరాహమిహిరుడు బృహత్సంహితలో, విగ్రహం కోసం కొయ్య కావాలంటే చెట్టు దగ్గరికి ఎలా వెళ్ళాలో రాశాడు. సాయంత్రమే వెళ్ళి పూజ చేసి, బలి పెట్టి, ఈ చెట్టులో ఉంటున్న భూతాలన్నీ ఇది తీసుకుని వేరేచోట నివాసం చూసుకోండి, మమ్మల్ని క్షమించండి అని చెప్పుకుని, తెల్లారాక గొడ్డలి పట్టాలి. దేవుడి బొమ్మ చెయ్యడానికే అన్ని మాటలు చెప్పమన్నాడంటే మన పిల్లర్ ఎంత! మీ ఊళ్ళో బైండ్లాయన్ని పిలిస్తే అమ్మవారిని ఎలా కదిలించాలో, బోనం ఎప్పుడు పెట్టాలో ఆయన చెప్తాడు, ఎక్కడికి కదిలించాలో మీ అత్తమ్మ చెప్తుంది, ఆవిడనే అడుగు, అన్నం కూడా తింటుంది. అన్నట్టు వాల్టా చట్టం అని 2002 నుంచి ఉంది, చెట్టు కొట్టాలంటే ఆఫీసర్ల పర్మిషన్ కూడా కావాలి. అమ్మవారిని అడగనంటే మీ ఆయన ఇష్టం, వాళ్ళని మాత్రం అడగక తప్పదు.

మా పుట్టింట్లో చింతచెట్టుని ఇవేవీ లేకుండా ఒక్క పూటలో కొట్టించారు. మా నాయనమ్మ ఎవరినీ ఏమనలేదు, కానీ పోయేదాకా ప్రతి శుక్రవారం ఆ మొద్దు మీద దీపం పెట్టేది. మా నాన్న అటువైపు తలెత్తి చూసేవాడు కాదు.

ప్రశ్న: రాత్రి చింతచెట్టు కింద పడుకుంటే దెయ్యం గుండెల మీద కూర్చుంటుందంటారు, అది కార్బన్ డయాక్సైడ్ అని మా సైన్స్ సార్ అన్నాడు. ఏది నిజం?

జవాబు: రాత్రి చెట్టు వదిలేది చాలా కొంచెం నాన్నా, నీ పక్కన పడుకున్న మనిషి కూడా దాన్నే వదులుతాడు, ఆయన్ని దెయ్యం అనం కదా (కొన్ని ఇళ్ళల్లో అంటారనుకో). పాములుంటాయి, మంచం వేసుకుని పడుకో.

ప్రశ్న: నర్సింగ్ చదువుతున్నా. బోనాలప్పుడు మా మేనత్తకి పూనకం వస్తుంది. అది నిజంగా అమ్మవారా, నాటకమా, మెంటల్ ప్రాబ్లమా?

జవాబు: ఈ మూడే ఎందుకుండాలమ్మా. సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి గుడిలో బోనాల మర్నాడు రంగం ఉంటుంది, పచ్చి కుండ మీద నిలబడి ఒక ఆడమనిషి ఈ ఏడు వానలెట్లా, మీరేం తప్పు చేశారు అని చెప్తుంటే పెద్దపెద్దోళ్ళు చేతులు కట్టుకుని వింటారు. మామూలు రోజుల్లో ఆమెని అట్లా ఎవరు వింటారు చెప్పు? నాకు అందులో అదే పెద్ద సంగతి. అమ్మవారు దిగిందా లేదా అనేది నేను తేల్చలేను. నువ్వు మాత్రం నర్సులాగా ఒకటి చూడు. డప్పు మోగినప్పుడు, పండగ రోజు, జనం మధ్య వచ్చి హారతిస్తే పోతుందంటే వదిలెయ్యి. అదే ఉత్త రోజు వంటింట్లో పడిపోయి నాలుక కొరుక్కుంటే మాత్రం నిమ్మకాయలు కొయ్యకుండా న్యూరాలజీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళు.

ప్రశ్న: మాది పార్వతీపురం. ఒడిశాలో మా చుట్టాలు, నియమగిరి కొండ దేవుడని సుప్రీంకోర్టే ఒప్పుకుంది అంటున్నారు. నిజమేనా? రేపు మా ఊరి కొండకి కూడా కేస్ వెయ్యొచ్చా?

జవాబు: కోర్టు కొండని దేవుడు అనలేదు, అంతకంటే తెలివైన పని చేసింది. డోంగ్రియా కోంధులకి ఆ కొండ మీద ఉండేది నియమరాజా, వాళ్ళ రాజు, వాళ్ళ మూలపురుషుడు, ఆ శిఖరం మీద చెట్టు కొట్టరు. సరిగ్గా ఆ శిఖరం కిందే బాక్సైట్ (అల్యూమినియం తీసే ఖనిజం) ఉంది, దాన్ని తవ్వుతామని ఒక కంపెనీ వచ్చింది. 2013 ఏప్రిల్ 18న కోర్టు ఏమందంటే, తవ్వితే మీ దేవుడికి, మీ ఆచారానికి దెబ్బ తగులుతుందో లేదో ఢిల్లీలో మేం చెప్పేది కాదు, అక్కడి గ్రామసభలు చెప్పాలి అంది, 2006 అటవీ హక్కుల చట్టం ఆధారంగా. ఆ ఏడాది జులై, ఆగస్టులో వానల్లో పన్నెండు పల్లెల్లో సభలు పెట్టారు, పన్నెండూ వద్దన్నాయి. ఒక్కటి కూడా తప్పలేదు.

ఇక్కడ చూడండి, అక్కడ ఎవరూ దేవుడు అంతటా ఉన్నాడు అనలేదు. అంతటా ఉంటే కంపెనీవాళ్ళు, పక్క కొండ మీద కూడా ఉన్నాడుగా అక్కడ మొక్కుకోండి అనేవాళ్ళు. ఈ కొండ మీదే ఉన్నాడు అన్నారు, అందుకే నిలబడింది. మీ ఊరి కొండ సంగతి లాయర్నే అడగాలి, కానీ ఆ లాయర్ అడిగే మొదటి ప్రశ్న నేనే అడుగుతా, ఆ కొండ మీదికి మీరు ఆఖరిసారి ఎప్పుడెక్కారు?

ప్రశ్న: మినియాపొలిస్‌లో ఉంటున్నాం ఆంటీ. మా పాప ఎనిమిదేళ్ళది, ఇక్కడి చెట్లలో కూడా దేవుడుంటాడా లేక ఇండియా చెట్లలోనేనా అంది. బతుకమ్మకి తంగేడు దొరకదు, గునుగు దొరకదు, ఉత్త ప్లాస్టిక్ పూలు. ఏం చెప్పను?

జవాబు: మీ పాప నాకంటే బాగా అడిగింది. ప్లాస్టిక్ పూలు మాత్రం వద్దు తల్లీ, వాడిపోని పువ్వు నీళ్ళలో వేసి ఏం చేస్తాం. మీ వైపు వేసవి చివర్లో రోడ్ల పక్కన గోల్డెన్‌రాడ్ అని పసుపుపచ్చగా విరగబూస్తుంది కదా, దూరం నుంచి చూస్తే తంగేడే అనిపిస్తుంది, దాన్ని పేర్చండి, తెంపే ముందు ఆ స్థలం ఎవరిదో అడగండి.

ఇంకో మాట. మీ ఊరి పేరులో మొదటి ముక్క డకోటా వాళ్ళ భాష, నీళ్ళు అని అర్థం. మీకు దగ్గర్లోనే మిన్నెసోటా నది మిసిసిపీలో కలుస్తుంది, ఆ చోటుని వాళ్ళు బ్డోటే అంటారు, మేం పుట్టింది ఇక్కడే అని చెప్పుకునేవాళ్ళున్నారు. మనకి సంగమమంటే ఏంటో నేను చెప్పాలా. కాబట్టి అక్కడి చెట్లలో ఉన్నాడా అంటే, మీరు రాకముందు నుంచే ఉన్నాడు, అక్కడివాళ్ళకి అక్కడి పేర్లతో. ఓ ఆదివారం పాపని తీసుకెళ్ళి ఆ కలిసే చోటు చూపించండి, మీరు కొత్తగా వచ్చిన చుట్టాలు, ముందు పలకరింపులు.

ప్రశ్న: ప్రకృతే దేవుడైతే జంపన్నవాగు ఒడ్డున అంత చెత్త ఎవరు పోశారు? మీరు దాని గురించి ఒక్క ముక్క రాయలేదు.

జవాబు: రాయలేదు, తప్పే. నిలువెత్తు బంగారమని బెల్లం తూచి ఇస్తారు, ఆ బెల్లం తెచ్చిన కవరు వాగులో వదుల్తారు. తల్లిని చూడ్డానికొచ్చి తల్లి ఇంటి ముందు ఉమ్మేసినట్టు. రెండేళ్ళకోసారి వచ్చే మనకి అది జాతర, అక్కడే ఉండే కోయవాళ్ళకి అది ఇల్లు, మనం పోయాక ఊడ్చుకునేది వాళ్ళు. పోయినసారి నా చేతిలో కూడా కవరుంది, తిరిగి బస్సులోకి తెచ్చానా అంటే గుర్తులేదు.

ప్రశ్న: మా తాత చెలక గట్టు మీద పోతరాజు రాయి ఉండేది. రోడ్డు వెడల్పు చేస్తూ పీకి పక్కన పడేశారు. రాయి దొరికింది, చోటు పోయింది. దేవుడు రాయిలో ఉన్నట్టా, చోటులో ఉన్నట్టా? ఈ ఏడు కొబ్బరికాయ ఎక్కడ కొట్టాలి?

జవాబు: మా చిన్నాన్నకీ ఇదే అయింది. రాయిని తెచ్చి పెరట్లో జామచెట్టు కింద పెట్టాడు, పసుపు రాశాడు, అంతా చేశాడు. కానీ మృగశిర కార్తెకి విత్తనాలు చల్లేముందు మాత్రం ఆ రోడ్డు పక్కకే పోయి, లారీలు హారన్ కొడుతుంటే, తారు మీదే కాయ కొట్టేవాడు. రాయి ఇంట్లోనే ఉంది కదా చిన్నాన్నా అంటే, రాయిని మనం ఎత్తుకొచ్చాం, ఆయన మనతో వచ్చాడో లేదో అడగలేదు కదనే అన్నాడు.

మీరు ఈ ఏడుకి రెండు కాయలు కొనండి.