పార్కు గడ్డికి బ్యాటరీ మిషన్ కొంటే సబ్సిడీ వస్తుందా?

ప్రశ్న: మాది తిరుచానూరు రోడ్డులో ఒక కాలనీ. చిన్న పార్కు ఉంది. పదిహేను రోజులకోసారి తోటమాలి పెట్రోల్ మిషన్‌తో గడ్డి కోస్తాడు. ఆ గంటసేపూ పొగ, చెవులు చిల్లులు పడే మోత. లాస్ ఏంజెలెస్ దగ్గరుండే మా అబ్బాయి, అక్కడ పెట్రోల్ మిషన్లు ఆపేశారని, కరెంటువి కొంటే డబ్బు ఇస్తారని చెప్పాడు. మనకూ అలాంటి రూలు, సబ్సిడీ ఉన్నాయా? కొత్తది కొని, పాతది తోటమాలికే ఇచ్చేద్దామని సంఘంలో అనుకుంటున్నాం.
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, పాతది తోటమాలికి ఇవ్వకండి. ఈ మాట ముందు చెప్పి, మిగతావి తర్వాత చెబుతాను.

మీ అబ్బాయి చెప్పింది చాలావరకు నిజమే. కాలిఫోర్నియాలో 2021లో చట్టం చేశారు. 2024 మోడల్ నుంచి కొత్తగా తయారయ్యే గడ్డి మిషన్లు, ఆకులు ఊదే బ్లోయర్లు పొగ లేనివే అయ్యుండాలి. ఇంట్లో ఉన్న పాతవి వాడుకోవచ్చు. పెట్రోల్‌తో నడిచే గడ్డి మిషన్ గంటసేపు వదిలే, పొగమంచుకు (స్మాగ్‌కు) కారణమయ్యే కాలుష్యం, కారులో 480 కిలోమీటర్లు తిరిగినదానికి సమానమని అక్కడి వాయు కాలుష్య బోర్డు లెక్క. ఇక్కడ బయల్దేరితే విజయవాడ దాటిపోయే దూరం! లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో ఇళ్లవాళ్లకు 250 డాలర్ల వరకు తిరిగి ఇచ్చే పథకం కూడా నడిపారు. కానీ పాత మిషన్‌ను తుక్కు చేసేవాళ్లకు అప్పగించాలనేది అందులో షరతు. నాకు బాగా నచ్చింది అదే. పాతది పక్క వీధికి అమ్మితే పొగ పక్క వీధికి పోయినట్టే కదా.

ఇక మన సంగతి. పెట్రోల్ మిషన్ కొనకూడదన్న నిషేధం ఇక్కడ లేదు. 2024లో వచ్చిన కేంద్ర సబ్సిడీ పథకం పీఎం ఈ-డ్రైవ్ కరెంటు వాహనాల కోసం, గడ్డి మిషన్లకు వర్తించదు. వ్యవసాయ యంత్రాలకు 40 నుంచి 50 శాతం సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం రైతులది. కాలనీ సంఘం దానికోసం ఆఫీసుల చుట్టూ తిరగనక్కర్లేదు.

చేతిలో ఉన్న రూలు శబ్దం గురించిన 2000 నాటి నియమాలు. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్లలో పగలు 50, రాత్రి 40. భుజానికి వేసుకునే పెట్రోల్ మిషన్ మోసేవాడి చెవి దగ్గర 100 డెసిబెల్స్ చుట్టూ ఉంటుంది. బ్యాటరీ మిషనే వాడాలని మీ సంఘం తీర్మానం చేసి మినిట్స్ బుక్కులో రాసుకుంటే చాలు, సబ్సిడీ కోసం ఆగకండి.

తోటమాలి సంగతికొస్తాను. ఇరవై రెండేళ్లుగా తిరుపతిలో తోటల పని చేయిస్తున్నాను. నా దగ్గర పనిచేసే కుర్రాడొకడు రోజంతా పెట్రోల్ మిషన్ మోసేవాడు. ఒక సాయంత్రం టీ గ్లాసు ఇస్తే రెండు చేతులతో పట్టుకున్నాడు, అయినా టీ అంచు దాటి చిందింది. వేళ్లు తిమ్మిరెక్కి, మిషన్ దించేశాక కూడా వణుకు ఆగలేదు. ఇలాంటి మిషన్లలో ఉండే, పెట్రోల్‌లో ఆయిల్ కలిపి నడిపే టూ-స్ట్రోక్ ఇంజిన్ పూర్తిగా మండని పెట్రోల్‌నూ ఆయిల్ పొగనూ మోసేవాడి ముఖం మీదికే కొడుతుంది. అది కానుకగా ఇస్తే ఆ వణుకూ అతని ఇంటికే పోతుంది.

మీ పార్కు చిన్నదంటున్నారు కాబట్టి, 36 వోల్టులు, 4 ఆంపియర్-అవర్ బ్యాటరీలు రెండు ఉంటే సరిపోవచ్చు. ఒకటి నిండా చార్జ్ చేయడానికి యూనిట్‌లో ఐదో వంతు కూడా పట్టదు. మనకు అసలు టెన్షన్ ఎండతోనే. మేలో రేకుల షెడ్డులో వదిలేసిన బ్యాటరీ నాకు ఒకటి ఉబ్బిపోయింది. పని అయ్యాక నీడలో పూర్తిగా చల్లారనివ్వండి, తర్వాతే చార్జర్‌కు పెట్టండి. ఉదయం ఆరు నుంచి ఎనిమిదిలోపే కోయించండి. పాడైన బ్యాటరీని చెత్తబండిలో వేయకండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం దాన్ని వెనక్కి తీసుకోవలసింది తయారీదారే, కాబట్టి కొనేటప్పుడే ఎక్కడ ఇవ్వాలో అడిగి బిల్లు మీద రాయించుకోండి.

పాత మిషన్ ఇంజిన్ విప్పించి పాత ఇనుము కొట్టుకు వేయండి. వచ్చిన డబ్బులు తోటమాలికి ఇవ్వండి.