నలభై దాటిన కంటికి .44 మాగ్నమ్ మీద ఏ సైటు సరిపోతుంది?

మీరు ఇచ్చిన వివరాలు ఇవి: వయసు నలభై ఏడు, ప్రోగ్రెసివ్ కళ్ళద్దాలు, కొత్తగా కొన్న రూగర్ సూపర్ రెడ్‌హాక్ రివాల్వర్ (.44 మాగ్నమ్ అనే పెద్ద తూటాను కాల్చేది), దాని బ్యారెల్ ఏడున్నర అంగుళాలు, టెక్సాస్‌లో తెలిసినవారి రాంచ్‌లో అడవి పందుల వేట. గురి చూడటానికి తుపాకీతో వచ్చిన ఇనుప సైట్లు చాలునా, అద్దంలో ఎర్రని చుక్కను గురి గుర్తుగా చూపే రెడ్ డాట్ పెట్టించుకోవాలా, లేక రెండున్నర నుంచి ఎనిమిది రెట్ల దాకా పెద్దదిగా చూపే 2.5-8 పవర్ స్కోప్ కొనాలా అని అడిగారు. సూటిగా చెబుతాను. మీ వయసుకూ, మీ కళ్ళకూ, ఆ పందులు బయటికి వచ్చే వేళకూ తగినది 2 పవర్ స్థిర స్కోప్, అంటే పవర్ మారనిది. మీ వేట అంతా నలభై గజాల లోపే సాగేటట్లయితే మంచి రెడ్ డాట్ కూడా సరిపోతుంది. 2.5-8 స్కోప్ మీద మాత్రం డబ్బు పెట్టకండి.

ఈ విషయం మీద సలహా ఇచ్చేవారిలో చాలామంది తుపాకీతో మొదలుపెడతారు. కంటితో మొదలుపెట్టాలని నా గట్టి నమ్మకం. ఇనుప సైట్లతో గురి చూసేటప్పుడు వెనుక సైటు గాడి, ముందు సైటు, జంతువు మూడు వేర్వేరు దూరాల్లో ఉంటాయి. కన్ను ఒక సమయంలో ఒక దూరం మీదే నిలుస్తుంది కాబట్టి, ముందు సైటును స్పష్టంగా చూస్తూ మిగిలిన రెండింటినీ కాస్త మసకగా వదిలేయమని నేర్పుతారు. చత్వారం వచ్చినవారికి సరిగ్గా ఆ ముందు సైటే అలుక్కుపోతుంది. ప్రోగ్రెసివ్ అద్దాల్లో చేయి చాచినంత దూరానికి పనికివచ్చే భాగం మధ్యకు కొంచెం కింద ఉంటుంది. దానిలోంచి చూడాలంటే గడ్డం ఎత్తాలి, గడ్డం ఎత్తితే మెడా భుజాలూ బిగుసుకుంటాయి, ఆ బిగుపు నేరుగా చేతుల్లోకి దిగుతుంది. పైగా చిన్న తేడాకు పడే మూల్యం పెద్దది. మీ తుపాకీ రెండు సైట్ల మధ్య దూరం సుమారు 25 సెంటీమీటర్లు అనుకోండి. ముందు సైటు గాడిలో ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే 50 మీటర్ల దగ్గర తూటా 20 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. పంది గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు అంత వెడల్పు కూడా ఉండదు. అది జింకలో కంటే ముందుకూ కిందికీ, ముందరి కాలి వెనుక ఒదిగి ఉంటుంది.

స్కోప్‌లోనూ రెడ్ డాట్‌లోనూ ఈ ఇబ్బంది తొలగిపోతుంది. గురి గుర్తూ జంతువూ ఒకే తలం మీద ఉన్నట్లు కనిపిస్తాయి. ఆ తలం దూరంలో ఉంటుంది కనుక, చత్వారం వచ్చిన కన్ను దగ్గరి వస్తువు మీద నిలవడానికి పెనుగులాడవలసిన పని ఉండదు. పెద్దగా కనిపించడం ఆ తరువాతి సంగతి.

నా అభిప్రాయం ఇంత గట్టిపడటానికి కారణమైన ఒక సాయంత్రం గురించి చెప్పాలి. ఆస్టిన్‌కు పడమట, లానో వైపు, మా సహోద్యోగి ఒకరికి బంధువుల రాంచ్ ఉంది. ఆయన నాకంటే వయసులో పెద్దవారు, చిన్ననాటి నుంచి రివాల్వర్‌తో వేటాడినవారు, ఇనుప సైట్లు తప్ప మరొకటి ముట్టనివారు. ఇద్దరం వేటకోసం దాక్కునే చెక్క గూటిలో పక్కపక్కన కూర్చున్నాము. ఎదురుగా నలభై అయిదు గజాల దూరంలో మొక్కజొన్న గింజలు చల్లే ఫీడర్, దాని వెనుక లైవ్ ఓక్ చెట్లు. పొద్దు వాలి, ఆకాశంలో వెలుగు ఉన్నా నేల మీద లేని వేళకు పందుల గుంపు వచ్చింది. ముందు ఒక నల్లటి పెద్ద ఆడపంది, వెనుక సగం ఎదిగిన పిల్లలు. అనంతపురం వైపు వేరుశనగ చేలను పందులు రాత్రికి రాత్రి తవ్విపోయడం చూస్తూ పెరిగిన నాకు, అవి మూతులతో నేలను దున్నుతున్న చప్పుడు కొత్త కాదు. మొదటి గురి ఆయనది. కిటికీ చట్రం మీద ఇసుక సంచి, దాని మీద చేతులు ఆనించి ఆయన చాలాసేపు గురి చూశారు. సుత్తిని వెనక్కి లాగిన చప్పుడు విన్నాను. ఆ తరువాత బొటనవేలితో సుత్తిని నెమ్మదిగా దించి, తుపాకీని ఒడిలో పెట్టుకుని, ముందు సైటు పందిలో కలిసిపోయిందనీ, నల్లటి దాని మీద నల్లటి దాన్ని పెట్టి కాల్చలేననీ గుసగుసగా చెప్పి, నన్ను కాల్చమని సైగ చేశారు.

నా తుపాకీ మీద 2×20 స్కోప్ ఉంది, అంటే 2 పవర్, ముందు అద్దం వ్యాసం 20 మిల్లీమీటర్లు. దానిలో పంది పెద్దగా ఏమీ కనిపించలేదు, మామూలు కంటితో చూసినదానికి రెట్టింపు, అంతే. కాని బురద ఎండి బూడిద రంగుకు తిరిగిన దాని భుజం అంచు, నల్లటి మెడ నుంచి విడిగా తెలిసింది. గురి గుర్తుగా ఉండే మందపాటి అడ్డం నిలువు గీతలు, అంటే క్రాస్‌హెయిర్, ఆ బూడిద రంగు మీద స్పష్టంగా నిలిచాయి. అది పక్కకు తిరిగి ముందరి కాలు ముందుకు వేసేదాకా ఆగి కాల్చాను. ఇరవై అడుగులు కూడా పోకుండా పడిపోయింది. నా పక్కనున్న మనిషి నాకంటే ఎన్నో రెట్లు మెరుగైన గురికాడు. పగటి వెలుగులో కాగితం మీద ఆయనతో నేను సాటి రాలేను. ఆ వేళ ఆయన చేతిలో లోపం లేదు, సైటులో ఉంది. తుపాకీ దించిన ఆయన నిగ్రహాన్ని నేను ఎప్పటికీ గౌరవిస్తాను.

ఇక మీరు ఆశపడుతున్న 8 పవర్ సంగతి. దుకాణాల్లో పవర్‌నే గురిగా అమ్ముతారు, ఇది నాకు చాలాకాలంగా ఉన్న బాధ. భుజానికి ఆనించే ఆసరా లేని తుపాకీలో, చాచిన రెండు చేతుల వణుకునంతటినీ స్కోప్ అదే నిష్పత్తిలో పెంచి చూపిస్తుంది. 8 పవర్ దగ్గర క్రాస్‌హెయిర్ పంది మొదలు నుంచి చివరికి ఊగుతూ కనిపిస్తే, మనిషి అది భుజం మీదికి వచ్చిన క్షణాన్ని పట్టుకోవాలని ట్రిగ్గర్‌ను గుంజుతాడు. గురి చెడేది అక్కడే. వెలుగు లెక్క కూడా చూడండి. ముందు అద్దం వ్యాసాన్ని పవర్‌తో భాగిస్తే, స్కోప్ వెనుక నుంచి వెలువడే కాంతి పుంజం వెడల్పు వస్తుంది. 2×20 స్కోప్‌లో అది 10 మిల్లీమీటర్లు, 4×28 లో 7, అదే 32 మిల్లీమీటర్ల అద్దాన్ని 8 పవర్‌కు తిప్పితే 4 మాత్రమే. మన వయసులో కంటిపాప మునిమాపు వేళ సాధారణంగా 5, 6 మిల్లీమీటర్లకు మించి విప్పారదు. అంటే 2 పవర్ స్కోప్ కంటికి కావలసినంత వెలుగు ఇస్తూనే, తల కొంచెం అటూ ఇటూ కదిలినా దృశ్యం పోకుండా చూసుకుంటుంది. 8 పవర్ దగ్గర వెలుగు చాలదు, తల కదిపితే నల్లని నీడ కమ్ముతుంది. చేయి చాచిన దూరంలో కంటికి దొరికే వెసులుబాటు కూడా పవర్ పెంచినకొద్దీ ఇరుకవుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇంట్లో ఉన్న రైఫిల్ స్కోప్‌ను దీనికి బిగించే ఆలోచన ఎవరైనా చెబితే వినకండి. రైఫిల్ స్కోప్‌కు కన్ను మూడున్నర, నాలుగు అంగుళాల దగ్గర ఉండాలి. .44 మాగ్నమ్ వెనక్కీ పైకీ తన్నే తీరుకు అంత దగ్గరగా ముఖం పెడితే కనుబొమ చీలిపోతుంది. చేతి తుపాకీల కోసమే చేసిన, కంటికి దూరంగా పనిచేసే స్కోప్‌లనే చూడండి. లూపోల్డ్ 2×20 ఆ కోవలోనిదే.

రెడ్ డాట్ గురించి నాకు వ్యతిరేకత లేదు. చిన్న రకాలు 35 గ్రాముల దగ్గరే ఉంటాయి, రెండు కళ్ళూ తెరిచి చూడవచ్చు, కదులుతున్న పందికి అంతకంటే వేగమైనది లేదు. అయితే కొనేముందు ఒక పరీక్ష తప్పనిసరి. దుకాణంలో మీ కళ్ళద్దాలతోనే చుక్కను చూడండి. అది గుండ్రంగా కాక తోకచుక్కలాగా, ద్రాక్ష గుత్తిలాగా కనిపిస్తే, ఫోనుతో అదే చుక్కను ఫోటో తీయండి. ఫోటోలో గుండ్రంగా ఉంటే లోపం మీ కంటి ఆస్టిగ్మాటిజంలో, అంటే కంటి ముందు పొర వంపులో ఉండే తేడాలో ఉన్నట్లు. ఆ చుక్కతో యాభై గజాల గురి మీకు కుదరదు, స్కోప్‌కే వెళ్ళండి. చుక్క పరిమాణాన్ని ఎమ్‌ఓఏ అనే కోణపు కొలతలో చెబుతారు. ఒక ఎమ్‌ఓఏ 100 గజాల దగ్గర సుమారు ఒక అంగుళాన్ని కప్పుతుంది. 6 ఎమ్‌ఓఏ చుక్క 50 గజాల దగ్గర మూడు అంగుళాలను మూసేస్తుంది కనుక వేటకు 3 దగ్గరిదే ఎంచుకోండి. చీకటి పడేకొద్దీ చుక్క వెలుగును తగ్గించడం మరచిపోతే ఆ ఎరుపు పందినే మింగేస్తుంది.

మీరు అడగకపోయినా చెప్పవలసింది మౌంటు గురించి, అంటే స్కోప్‌ను తుపాకీకి పట్టి ఉంచే రింగులూ మరల గురించి. పెద్ద క్యాలిబర్ల దగ్గర స్కోప్ కంటే ముందు చెడేది అదే. తన్ను తగిలినప్పుడు తుపాకీ వెనక్కి వస్తుంది, స్కోప్ బరువు ఉన్నచోటే ఉండాలని చూస్తుంది, ఆ రెండింటి మధ్య లాగులాటను మోసేవి నాలుగు చిన్న మరలు. స్కోప్ బరువు ఎక్కువైతే లాగుడూ ఎక్కువే. తేలికైన 2×20 ను నేను ఇష్టపడటానికి ఇదీ ఒక కారణం. మీ సూపర్ రెడ్‌హాక్ ఈ విషయంలో చాలా బాగా ఆలోచించి చేసిన తుపాకీ. రింగులు కూర్చోవడానికి ఫ్రేములోనే గాళ్ళు చెక్కి ఉంటాయి, రంధ్రాలు వేయనక్కరలేదు, ఒక అంగుళం రింగులు పెట్టెలోనే వస్తాయి. 1987లో వచ్చినప్పటి నుంచి వేటగాళ్ళు దీన్ని మెచ్చుకోవడంలో ఆ గాళ్ళ పాత్ర తక్కువది కాదు. ఇంకా గట్టిగా తన్నే .454 కాసుల్, 2003లో వచ్చిన .500 స్మిత్ అండ్ వెసన్ వంటి తూటాల తుపాకీల్లో స్కోప్‌కు రెండు రింగులు చాలక మూడు వాడేవారు ఉన్నారు, అది అతిజాగ్రత్త కాదు.

బిగించే పనిని మీ చేతులతో చేసుకోండి. నా పాత తుపాకీకి ఒక దుకాణంలో డబ్బు తీసుకుని స్కోప్ బిగించి ఇచ్చారు. రేంజ్‌లో గుళ్ళు ఒకదాని తరువాత ఒకటి పైకి పాకడం మొదలుపెట్టాయి. విప్పి చూస్తే మరల మీద ఫ్యాక్టరీ నూనె అలాగే జిడ్డుగా ఉంది, రింగు లోపల స్కోప్ గొట్టం ముందుకు జారిన గీత మెరుస్తూ కనిపించింది. అడిగితే స్కోప్ పాడైంది, ఇంకా ఖరీదైనది కొనమన్నారు. అదే స్కోప్ ఈనాటికీ నా దగ్గర చక్కగా పనిచేస్తోంది. మరలనూ రంధ్రాలనూ స్పిరిట్‌తో తుడిచి, మరలు వదులు కాకుండా పట్టే నీలి రంగు లాక్‌టైట్ జిగురు ఒక్క చుక్క వేసి, బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచితో తయారీదారు చెప్పిన మేరకు బిగించండి. తరువాత మర తల మీది నుంచి రింగు మీదికి, రింగు అంచు నుంచి గొట్టం మీదికి గోళ్ళరంగుతో సన్నని గీత గీయండి. ఆ గీత విరిగితే కదిలిందన్నమాట. వేటకు బయలుదేరే ముందు టార్చి వేసి చూసుకుంటే చాలు.

గురిని 50 గజాలకు సరిచేసుకోండి. 240 గ్రెయిన్ల (తూటా బరువు కొలత) మామూలు తూటా 50 గజాలకు సరిగ్గా తగిలితే 100 గజాల దగ్గర దాదాపు అయిదు అంగుళాలు కిందికి దిగుతుంది, కాబట్టి దగ్గరి వేటకు లెక్కలు అవసరం లేదు. బల్ల మీద సరిచేసేటప్పుడు బ్యారెల్‌ను కాక ఫ్రేమును ఇసుక సంచి మీద ఆనించండి. సిలిండర్ ముందు సందు నుంచి దూసుకువచ్చే వాయువులు తోలు సంచిని కోసేస్తాయి, వేళ్ళను అంతకంటే సులువుగా. చెవుల్లో ప్లగ్గులు, వాటి మీద చెవులను కప్పే మఫ్‌లు, రెండూ ఉండాలి. చెక్క గూటిలో ఆ మోత రెట్టింపుగా తగులుతుంది. ఆ తరువాత బల్ల వదిలేసి, వేటలో కూర్చునే తీరులోనే కూర్చుని, ఆరు అంగుళాల కాగితపు పళ్ళేన్ని కాల్చండి. ఆరు తూటాలూ పళ్ళెంలో పడే దూరమే మీ వేట దూరం. స్కోప్ వంద గజాల పందిని చూపించినా ఆ దూరం మారదు.

మన తెలుగువారిలో చాలామందికి తెలియని చట్టం ఒకటి ఉంది. 2019 సెప్టెంబర్ నుంచి టెక్సాస్‌లో ప్రైవేటు భూమిలో యజమాని అనుమతితో అడవి పందులను వేటాడటానికి లైసెన్సు అక్కరలేదు. అది నిజమే. అయితే హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీ దగ్గర ఉంచుకోవడాన్నే ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం దానికి ఉన్న ముఖ్యమైన మినహాయింపు. పందులకు అక్కరలేదు కదా అని లైసెన్సు తీసుకోని వీసాదారు పెద్ద నేరంలో చిక్కుకుంటాడు. మీకు గ్రీన్ కార్డు ఉంటే ఈ చిక్కు లేదు. మీతో వచ్చి మీ తుపాకీ పట్టుకునే స్నేహితుల సంగతి మాత్రం ముందే కనుక్కోండి.

చివరగా, స్కోప్ బిగించాక ఈ తుపాకీ నడుముకు కట్టుకునే మామూలు హోల్‌స్టర్‌లో పట్టదు. ఛాతీ మీద అడ్డంగా కట్టుకునే, స్కోప్‌కు చోటు వదిలి కుట్టిన రకం తీసుకోండి. 8 పవర్ స్కోప్‌కు కేటాయించిన డబ్బులో అదీ, టార్క్ రెంచీ వచ్చి, ఇంకా కొన్ని పెట్టెల తూటాలకు మిగులుతుంది.