నాలుగు మాత్రలకు బదులు ఒకటే వేసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 58. ఏడాదిన్నర క్రితం గుండెపోటు వస్తే స్టెంట్ వేశారు. ఇప్పుడు ఆస్పిరిన్, రామిప్రిల్, మెటోప్రొలాల్, అటోర్వాస్టాటిన్ రాసిచ్చారు. రాత్రి వేసుకోవాల్సిన అటోర్వాస్టాటిన్ తరచూ మరచిపోయేవాణ్ని. కొలెస్ట్రాల్ నార్మల్‌కు రావడంతో రెండు నెలలుగా దాన్ని పూర్తిగా మానేశాను. అన్నీ కలిపిన మాత్ర ఉందని మందుల షాపులో చెప్పారు. మారవచ్చా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ముందు మీరు మానేసిన మాత్ర సంగతి చూద్దాం. కొలెస్ట్రాల్ తగ్గింది ఆ మందు వల్లే; ఆపితే కొన్ని వారాల్లోనే మళ్లీ పెరుగుతుంది. పైగా గుండెపోటు వచ్చినవారికి దాన్ని ఇచ్చేది రిపోర్టులో అంకె తగ్గడానికే కాదు, రక్తనాళాల గోడల్లో పేరుకున్న కొవ్వు పగిలి, అక్కడ రక్తం గడ్డకట్టే ముప్పును తగ్గించడానికి కూడా. కండరాల నొప్పుల వంటి ఇబ్బందితో మానలేదు కనుక పాత మోతాదులోనే మళ్లీ మొదలుపెట్టి, మీ కార్డియాలజిస్టుకు తెలియజేయండి. అటోర్వాస్టాటిన్‌ను రాత్రే వేసుకోవాలన్న నియమం లేదు. ఉదయం మాత్రలతో కలిపి వేసుకుంటే మరపు సమస్య చాలావరకు అక్కడే తీరుతుంది.

కలిపిన మాత్రను పాలీపిల్ అంటారు. భారత్, ఐరోపాల్లో 2,004 మందిపై జరిపి 2013లో ప్రచురించిన అంపైర్ అధ్యయనంలో, విడి మందులు వాడినవారిలో 65 శాతం మంది మాత్రమే క్రమం తప్పకుండా వాడితే, పాలీపిల్ ఇచ్చినవారిలో 86 శాతం మంది వాడారు (ఆ మాత్ర తయారీ మన హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్‌దే). 2022 నాటి సెక్యూర్ అధ్యయనంలో ఆస్పిరిన్, రామిప్రిల్, అటోర్వాస్టాటిన్ కలిపిన మాత్ర వాడినవారిలో గుండె జబ్బుతో మరణం, మళ్లీ గుండెపోటు, పక్షవాతం వంటివి 9.5 శాతం మందికి ఎదురైతే, విడిగా మందులు వాడినవారిలో అవి 12.7 శాతం.

అయితే షాపులో చూపించింది ఈ మాత్రేనా అన్నది నా అనుమానం. మన దగ్గర ఎక్కువగా దొరికే క్యాప్సూల్‌లో ఆస్పిరిన్, అటోర్వాస్టాటిన్‌తో పాటు రక్తం గడ్డకట్టకుండా చూసే క్లోపిడోగ్రెల్ ఉంటుంది, రామిప్రిల్ లాంటి బీపీ మందు ఉండదు. మీ అంతట మీరు దానికి మారితే రామిప్రిల్ ఆగిపోతుంది, మీ చీటీలో లేని క్లోపిడోగ్రెల్ వల్ల రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. సరైన పాలీపిల్ దొరికినా మెటోప్రొలాల్ విడిగా వేసుకోవాల్సిందే. దాన్ని హఠాత్తుగా ఆపితే ఛాతీనొప్పి తిరగబెట్టవచ్చు. ఇంకో చిక్కు: పాలీపిల్ ఒక్కపూట మరిస్తే మూడు మందులూ మరచినట్టే. రామిప్రిల్‌తో పొడిదగ్గు వస్తే ఆ ఒక్కదాన్నే మార్చడమూ కుదరదు.

కాబట్టి ఈసారి చూపించుకోవడానికి వెళ్లేటప్పుడు, ఇప్పుడు వాడుతున్న మాత్రల షీట్లన్నీ తీసుకెళ్లి, ఏది ఎన్నాళ్లు మానేశారో దాచకుండా చెప్పి, మీ మోతాదులకు సరిపడే పాలీపిల్ ఉందేమో అడగండి.