బ్యాంకు వేలంలో కొన్న ఇంటి తాళం మీరే పగలగొట్టొచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. ఉద్యోగ విరమణ డబ్బుతో విజయవాడ సింగ్‌నగర్‌లో బ్యాంకు వేలం వేసిన ఇల్లు కొన్నాను. సేల్ సర్టిఫికెట్ వచ్చి పద్నాలుగు నెలలైంది. బ్యాంకు ఆఫీసరు నన్ను తీసుకెళ్లి ఇల్లు చూపించి, ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్న రోజునే లోపల పాత యజమాని బావమరిది కుటుంబం ఉంది. నెలలో ఖాళీ చేస్తామన్నారు. ఇప్పుడేమో అద్దెకున్నామంటూ వంద రూపాయల స్టాంపు పేపరు మీద అగ్రిమెంటు చూపిస్తున్నారు. పోలీసులు సివిల్ తగాదా అన్నారు. బ్యాంకులో తమకేం సంబంధం లేదన్నారు. సంక్రాంతికి వాళ్లు ఊరెళ్లినప్పుడు తాళం పగలగొట్టి, సామాను బయటపెట్టి, నా తాళం వేసుకోమని మా బంధువులు అంటున్నారు. ఇల్లు నాదే కదా, తప్పేంటి?

జవాబు: ఇక్కడ కుదించి వేశాం గానీ, మీ అసలు ఉత్తరంలో సగానికి పైగా అమ్మాయి పెళ్లి గురించి, తాకట్టులో ఉన్న నగల గురించి ఉంది. వాటిని ఏ కోర్టూ చదవదు. కేసును తేల్చేది మీరు సంతకం పెట్టిన ఆ కాగితం. అందులో ఏం రాసి ఉందో మీరు రాయలేదు. బహుశా చదవలేదు కూడా. రిటైర్మెంటు డబ్బంతా పెట్టి ఇల్లు కొని, చదవకుండా సంతకం చేసిన వాళ్లను ఏమనాలి?

ఇల్లు మీదా కాదా అన్నది ఇక్కడ తగాదాయే కాదు. బ్యాంకు మీకు నిజంగా స్వాధీనం ఇచ్చిందా, కాగితం మీదే ఇచ్చిందా అన్నదే తేలాలి. తీరని అప్పుకు తాకట్టు ఆస్తిని బ్యాంకు కోర్టుకు వెళ్లకుండానే స్వాధీనం చేసుకుని అమ్ముకోనిచ్చేది 2002 సర్ఫేసీ చట్టం. దాని సెక్షన్ 13(4) కింద గోడకు నోటీసు అంటించి, రెండు పత్రికల్లో ప్రకటన వేస్తే అది సింబాలిక్ పొజెషన్, అంటే కాగితం మీది స్వాధీనం. లోపలున్నవాళ్లను ఖాళీ చేయించి, తాళం వేసి, పంచనామా రాసుకుంటేనే భౌతిక స్వాధీనం. వేలం ప్రకటన కటింగు మీ దగ్గర ఉంటే తీసి చూడండి. హద్దులు, రిజర్వు ధర, ధరావత్తు చూసినవాళ్లు ఆ పక్కనే ఉండే ‘సింబాలిక్’ అన్న ఒక్క మాటను దాటేస్తారు. చాలాసార్లు ఇల్లు చౌకగా వచ్చేది ఆ మాట వల్లనే.

ఇంకో చిక్కుంది. సేల్ సర్టిఫికెట్ నమూనాలోనే, అంటే 2002 సెక్యూరిటీ ఇంటరెస్ట్ నిబంధనల అనుబంధం 5లోనే, సొమ్ము పూర్తిగా ముట్టింది, ఆస్తి స్వాధీనం అప్పగించాం అనే వాక్యం అచ్చై ఉంటుంది. లోపల ఎవరున్నా లేకున్నా అదే వాక్యం అందరికీ వస్తుంది. దానికి తోడు మీరు విడిగా ‘ఖాళీ ఇల్లు స్వాధీనపరుచుకున్నాను’ అని రాసిచ్చి ఉంటే, రేపు బ్యాంకు ఆ రెండూ చూపించి చేతులు దులుపుకుంటుంది. మీరు సంతకం చేసింది ‘సింబాలిక్ స్వాధీనం’ అన్న కాగితమైతే మాత్రం మీ పని సగం తేలికైనట్టే. అవే నిబంధనల్లో 9(9) ప్రకారం ఆస్తిని కొన్నవారికి అప్పగించాల్సింది బ్యాంకు తరఫున వేలం జరిపే అధీకృత అధికారే. ‘ఎక్కడున్నది అక్కడ, ఎలా ఉన్నది అలా’ అన్న షరతు చూపించి మేనేజరు తప్పించుకోవాలని చూస్తాడు. కానీ అమ్మకం అయిపోయాక కూడా, భౌతిక స్వాధీనం ఇంకా చేతులు మారకపోతే, ఇల్లు స్వాధీనం చేసుకోవడానికి బ్యాంకు సర్ఫేసీ సెక్షన్ 14 కింద మేజిస్ట్రేటు సాయం అడగొచ్చని సుప్రీంకోర్టు 2018లో ఐటీసీ, బ్లూ కోస్ట్ హోటల్స్ కేసులో చెప్పింది. మీ దారి అదే.

ఇక సంక్రాంతి పథకం సంగతి. ఆ ఆలోచన ఇప్పుడే మానుకోండి.

లోపల ఉన్నవాళ్లకు హక్కు లేకపోయినా సరే, చట్టప్రకారం కాకుండా వాళ్లను గెంటేస్తే, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద ఆరు నెలల్లోపు దావా వేసి మళ్లీ లోపలికి రావచ్చు. ఆ దావాలో కోర్టు మీ సేల్ సర్టిఫికెట్ వైపు చూడదు. ఫలానా రోజున లోపల ఎవరున్నారు, ఎవరు బలవంతంగా తీశారు, అంతే. ఆ డిక్రీ మీద అప్పీలు లేదు, రివ్యూ లేదు. ఆపైన క్రిమినల్ కేసు. సొంత ఇంట్లోకి వెళ్తే అతిక్రమణ ఎలా అవుతుందని అడుగుతారు. అతిక్రమణ నేరం జరిగేది యాజమాన్యం మీద కాదు, స్వాధీనం మీద. భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 329 అదే చెబుతుంది. మీ బావమరుదులు, స్నేహితులు కలిసి అయిదుగురైతే చట్టవిరుద్ధ సమూహం కూడా తోడవుతుంది. బీరువాలో ఇరవై కాసుల బంగారం పోయిందని వాళ్లు ఫిర్యాదు రాస్తే, లేదని నిరూపించడానికి మీ దగ్గర ఏముంది? వాళ్లు ఎస్సీ, ఎస్టీ వర్గాల వారైతే ఇల్లు ఖాళీ చేయించడమే అత్యాచారాల నిరోధక చట్టం కిందికి రావచ్చు. అందులో ముందస్తు బెయిలుకు చట్టమే అడ్డం. కరెంటు ఫ్యూజు పీకడం, మోటారు వైరు కోయడం, మెట్ల గేటుకు తాళం వేయడం లాంటి ‘చిన్న’ పనులు కూడా, మిమ్మల్ని అడ్డుకునే కోర్టు ఉత్తర్వు (ఇంజంక్షన్) కోరే దావాకు వాళ్ల చేతికి మీరే సాక్ష్యం ఇచ్చినట్టు.

గడువుల సంగతి కూడా చూడాలి. మీ పూర్తి ఉత్తరంలో ఒకచోట ‘కోర్టు వేలం’ అని రాశారు, ఇంకోచోట ‘బ్యాంకు వేలం’ అన్నారు. రెండూ ఒకటి కాదు. డిక్రీ అమలులో కోర్టు వేలం వేస్తే, అమ్మకం ఖరారైన రోజు నుంచి ఏడాదిలోపు సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డరు 21 రూలు 95 కింద స్వాధీనానికి పిటిషన్ పెట్టాలి. లిమిటేషన్ చట్టంలో 134వ అధికరణం అది. పద్నాలుగు నెలలు కూర్చున్న మీకు ఆ తలుపు మూసుకుపోయేది. సర్టిఫికెట్ మీద సంతకం జడ్జిదా, బ్యాంకు అధీకృత అధికారిదా చూడండి. మీరు చెప్పినదాన్ని బట్టి అది బ్యాంకుదే. కాబట్టి బతికిపోయారు. టైటిల్ ఆధారంగా స్వాధీనం కోరే దావాకు 65వ అధికరణం పన్నెండేళ్లు ఇస్తుంది. అన్నేళ్లు ఉంది కదా అని నిద్రపోకండి. వాళ్లు ఉన్నందుకు రావలసిన నష్టపరిహారం దావాకు ముందు మూడేళ్లకు మించి రాబట్టలేరు.

వాళ్లు చూపించే అగ్రిమెంటును చూసి భయపడకండి, కానీ పరీక్షించండి. జిరాక్సు కాదు, అసలు కాగితం వెనకవైపు చూడాలి. స్టాంపు వెండరు పేరు, వరుస నంబరు, కొన్న తేదీ, ఎవరి పేరున కొన్నారో అక్కడ ఉంటాయి. తేదీ తనఖాకు ముందుదా, తరవాతదా? తనఖా పెట్టాక యజమాని ఇచ్చే లీజుకు ఆస్తి బదిలీ చట్టం 65ఎ ప్రకారం ఇళ్ల విషయంలో మూడేళ్లే పరిమితి. బాకీ కట్టమని బ్యాంకు ఇచ్చే 13(2) నోటీసు అందాక దాని లిఖితపూర్వక అనుమతి లేకుండా ఇచ్చిన లీజును సెక్షన్ 13(13) నిషేధిస్తుంది. రిజిస్టరు కాని అద్దె, నోటి మాట అద్దె అయితే ఆ నోటీసు తరవాత ఏడాదికి మించి రక్షణ ఉండదని 2019లో బజరంగ్ శ్యామ్‌సుందర్ అగర్వాల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మీకు అన్నిటికన్నా పనికొచ్చేది బ్యాంకు లోను ఫైలులోనే ఉంది. అప్పు ఇచ్చేటప్పుడు ఇంటి విలువ కట్టే వాల్యూయరు ఇల్లు చూసి రాసిన రిపోర్టే అది; అందులో ‘యజమాని నివాసం’ అని ఉందా, ‘అద్దెదారు’ అని ఉందా అన్నదే ముఖ్యం. దాని కాపీ అడిగి తీసుకోండి. నెలలో ఖాళీ చేస్తామని వాళ్లు వాట్సాప్‌లో పెట్టి ఉంటే, అందులో అద్దె ఊసే లేకపోతే, ఆ ఫోను అమ్మకండి, రీసెట్ చేయకండి. భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్‌తో దాన్ని దాఖలు చేయొచ్చు. పద్నాలుగు నెలలూ ‘ఫోనులో మాట్లాడాను’ అనడం మాత్రం సాక్ష్యం కాదు.

ఈ వారంలో బ్యాంకు అధీకృత అధికారికి స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువుతో ఉత్తరం రాయండి. ఫలానా తేదీన ఇంట్లో మూడో వ్యక్తులు ఉండగానే సంతకం తీసుకున్నారని, భౌతిక స్వాధీనం ఇప్పటికీ అందలేదని, 9(9) ప్రకారం సెక్షన్ 14 దరఖాస్తు వేసి అప్పగించాలని కోరండి. కోపం వద్దు, తేదీలు రాయండి. ఆ దరఖాస్తు బ్యాంకే వేయాలి, కొన్నవారు వేయలేరు. అది ఎన్టీఆర్ జిల్లా కలెక్టరు దగ్గరికో, చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేటు దగ్గరికో వెళ్తుంది. అధికారి తొమ్మిది అంశాల అఫిడవిట్ జతచేయాలి. అందులో ఒక్కటి తప్పినా ఫైలు వెనక్కి వస్తుంది. 30 రోజుల్లో, మొత్తం మీద 60 రోజుల్లో ఆర్డరు ఇవ్వాలని చట్టం. ఆ గడువు దాటినా మేజిస్ట్రేటు అధికారం పోదని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. అందుకని ఆ లెక్క నమ్మి గృహప్రవేశానికి ముహూర్తం పెట్టకండి.

బ్యాంకు కదలకపోతే, అది జాతీయ బ్యాంకయితే, చేయాల్సిన పని చేయమని దాన్ని ఆదేశించాలంటూ హైకోర్టులో మాండమస్ రిట్ వేయొచ్చు. ప్రైవేటు బ్యాంకో ఫైనాన్సు కంపెనీయో అయితే రిట్ నిలబడటం కష్టం. అప్పుడు సివిల్ కోర్టులో స్వాధీనం, నష్టపరిహారం దావాయే. ఇలాంటివి సివిల్ కోర్టు వినకూడదనే సర్ఫేసీ సెక్షన్ 34ను అవతలివాళ్లు అడ్డం చెబుతారు, ఏళ్లు పడుతుంది, అయినా దారి ఉంది. ఈలోగా వాళ్లు ముందే ఇంజంక్షన్ తెచ్చుకోకుండా మీ మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని విజయవాడ సివిల్ కోర్టులో కేవియట్ వేయండి. అది 90 రోజులే పనిచేస్తుంది, గుర్తుంచుకుని మళ్లీ వేయాలి. అద్దెదారులమంటూ బ్యాంకు బాకీల తగాదాలు చూసే ట్రిబ్యునల్‌లో, అంటే విశాఖపట్నం డీఆర్టీలో ఏమైనా దరఖాస్తు వేశారేమో కూడా బ్యాంకును రాతపూర్వకంగా అడగండి. అక్కడ స్టే ఉంటే పైన చెప్పినదంతా ఆగుతుంది.

ఎంతో కొంత డబ్బిచ్చి పంపేయడం తప్పు కాదు, ఒక్కోసారి అదే చవక. కానీ ఇల్లు ఖాళీ అయ్యి, తాళాలు చేతికొచ్చాకే చెక్కు ఇవ్వండి. అడ్వాన్సు ఇచ్చారంటే అది అద్దె వ్యవహారానికి రుజువు కింద వాడుకుంటారు. స్వాధీనం అందిన రోజున గదిగదికీ వీడియో, మిగిలిన సామాను జాబితా, ఇద్దరు ఇరుగుపొరుగు వారి సంతకాలు, మీటరు రీడింగు ఫొటో తీసుకోండి. ఆ రాత్రి నుంచే ఇంట్లో ఎవరో ఒకరు పడుకోవాలి.