లాన్‌లో మట్టి కుప్పలు లేస్తుంటే ముందు ఆ బొక్క ఎవరిదో తేల్చుకోండి

మీరు అడిగింది ఇది: హనుమకొండ శివారులో, వరి పొలాలను ఆనుకున్న వెంచర్‌లో ఇల్లు. లాన్‌లో రాత్రికి రాత్రి మట్టి కుప్పలు లేస్తున్నాయి. చామగడ్డ, మోరంగడ్డ మొక్కలు పట్టుకుంటే వేర్లు లేకుండా చేతికొస్తున్నాయి. అమెరికా వీడియోల్లో ఇవి ‘వోల్స్’ అని చెప్పారని ఆముదం గుళికలు తెప్పించి చల్లారు, తగ్గలేదు.

తగ్గదు. వోల్ అంటే ఎలుకలాంటి చిన్న జంతువు, మన ప్రాంతానిది కాదు, మన దేశంలో అది ఉండేది హిమాలయాల వైపే. దాని దారులు గడ్డి దుబ్బుల మధ్య, నేల పైపైన ఉంటాయి. అందుకే ఆ వీడియోల్లో ఆరు నుంచి పది అంగుళాల లోతున ఇనుప జాలి పాతితే చాలంటారు. మీ లాన్ కింద తవ్వుతున్నది చాలావరకు పందికొక్కు. అది రెండడుగుల లోతుకు కూడా పోతుంది, కాబట్టి ఆ లెక్కలు ఇక్కడ పనికిరావు. ఇంగ్లీషులో ‘బాండికూట్’ అనే మాట మన పందికొక్కు నుంచి పోయిందే, ఆ మాటను ఆస్ట్రేలియాలో సంబంధం లేని మరో జంతువుకు కూడా తగిలించారు. కాబట్టి వీడియోల కోసం వెతికేటప్పుడు కూడా అది ఏ జంతువు గురించో చూసుకోండి.

బొక్క మూతి చూస్తే సగం తెలిసిపోతుంది. టీ గ్లాసు పట్టేంత వెడల్పు, పక్కనే మెత్తగా పొడిలా ఎత్తిపోసిన మట్టి, మూతిని లోపలి నుంచే మట్టితో మూసేసి ఉంటే అది చిన్న పందికొక్కు. పొలాల్లో వరి కంకులు కోసుకెళ్లి బొక్కలో దాచేది ఇదే. చెంబు పట్టేంత బొక్క గోడ వారనో మోరీ పక్కనో ఉంటే పెద్ద పందికొక్కు. ఇది కిలో దాకా తూగుతుంది, దొరికితే వెంట్రుకలు నిక్కబొడుచుకొని గుర్రుమంటుంది. రూపాయి బిళ్లంత కన్నమైతే చిట్టెలుక, దానికి ఇంత హడావుడి అక్కర్లేదు. ముక్కు మూతి పొడుగ్గా ఉండి, కిచకిచమంటూ గోడ వెంట పరిగెత్తి, కంపు కొట్టేది చుంచు. అది బొద్దింకలను, పురుగులను తింటుంది, మీ గడ్డల జోలికి రాదు. దాన్ని వదిలేయండి.

కొత్త మట్టి లేకుండా మూతి నున్నగా అరిగి ఉన్న బొక్కలో మాత్రం చెయ్యి పెట్టొద్దు, పిల్లలను పుల్లలతో పొడవనివ్వొద్దు. ఎలుక వదిలేసిన బొక్కలో నాగుపాము, కట్లపాము, రక్తపింజర చేరుతాయి. రాత్రి తోటలోకి టార్చి, బూట్లు లేకుండా దిగొద్దు. కాటు పడితే కట్లు కట్టడం, కోయడం, పసరు పోయడం ఏదీ చేయకుండా 108కి ఫోన్ చేసి వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి.

తర్వాత ఏ బొక్కలో జీవం ఉందో చూడాలి. చాలామంది దీన్ని వదిలేసి పది బొక్కల్లోనూ మందు పోస్తారు, అందులో ఏడు ఉత్తవే. సాయంత్రం కనిపించిన ప్రతి బొక్కనూ తడి మట్టితో అరచేతి మందాన మూసి, పక్కన ఒక పుల్ల గుచ్చండి. తెల్లారి తెరుచుకున్నవే బతికున్న బొక్కలు. రెండు రోజులు వరుసగా చేయండి, ఎందుకంటే ఒక కుటుంబానికి నాలుగైదు మూతులుంటాయి, ఏ రాత్రి దేన్ని వాడుతుందో చెప్పలేం. మూడు గుంటల స్థలంలో పన్నెండు బొక్కలు కనిపించినా లోపల ఉండేది ఒకటో రెండో అయి ఉండొచ్చు. అయితే ఆలస్యం చేస్తే రెండు కాస్తా ఇరవై అవుతాయి. కడుపుతో ఉన్నది మూడు వారాల్లో ఈనుతుంది, ఒక్కో ఈతకు ఆరేడు పిల్లలు మామూలే.

ఇంటి తోటకు మొదటి ఆయుధం బోను. బజారులో దొరికే చిన్న తీగల బోను చిట్టెలుకకు సరిపోతుంది. పందికొక్కు అందులో దూరినా నడుము బయటే ఉండి తలుపు పడదు, ఒకసారి అలా తప్పించుకున్నది మళ్లీ ఆ బోను దగ్గరికి రాదు. కనీసం అడుగున్నర పొడవు, అరడుగు వెడల్పు ఉన్న గట్టి తీగ బోను తీసుకోండి. బతికున్న బొక్కకు ఒకటి చొప్పున పెట్టాలి. మధ్యలో, బయలులో పెడితే ఫలితం ఉండదు. ఎలుక గోడకు ఒళ్లు రాసుకుంటూ నడుస్తుంది కాబట్టి బోనును గోడ వారన, తలుపు దాని దారికి ఎదురుగా ఉండేట్టు పెట్టి పైన గోనెసంచి కప్పండి.

కొత్త వస్తువు కనిపిస్తే ఎలుకకు అనుమానం. మొదటి మూడు రాత్రులు తలుపు పడకుండా కట్టేసి, లోపల ఎర మాత్రమే పెట్టండి. తినడం అలవాటయ్యాక నాలుగో రాత్రి బోను ఎక్కించండి. ఎరగా కాల్చిన కొబ్బరి ముక్క, ఎండుచేప, పల్లీలు పని చేస్తాయి. నువ్వులు, పల్లీలు వేసి చేసిన సర్వపిండి ముక్క నూనె వాసనకు ఇంకా బాగా లాగుతుంది. పొలంలో మక్క కంకులు దండిగా ఉన్న రోజుల్లో మక్క గింజలు పెడితే మాత్రం మొహం కూడా చూడదు. దానికి బయట దొరకనిదే పెట్టాలి. పగలు బోను మూసేయండి, లేకపోతే ఉడుతలు పడతాయి.

పట్టుకున్నదాన్ని పక్కోళ్ల పొలంలో వదిలితే ఆ రైతుకు నష్టం, ఆ తర్వాత మీ ఇంటికే వస్తుంది. చంపాలనుకుంటే మొదటి నుంచే పెద్ద సైజు స్ప్రింగు బోను వాడడం నయం, ప్రాణం వెంటనే పోతుంది. జిగురు అట్టలు తోటలో వద్దేవద్దు: తొండలు, పిచ్చుకలు అంటుకొని గిలగిలలాడతాయి, పందికొక్కు అట్టతో సహా పోతుంది. చచ్చినదాన్ని చేతికి తొడుగు వేసుకొని తీసి రెండడుగుల లోతున పూడ్చండి. బోనును బ్లీచింగ్ పౌడర్ నీళ్లతో కడగండి. ఎలుక మూత్రంతో లెప్టోస్పైరోసిస్ జ్వరం వస్తుంది, వానకాలంలో కాళ్ల పగుళ్లతో ఆ తడి మట్టిలో నడవొద్దు.

మందు సంగతి. ఇంటి దగ్గర మందు వాడక తప్పకపోతే బ్రోమాడయోలోన్ 0.005 శాతం బిళ్లలు ఒక్కటే ఆలోచించండి. పొలాల్లో చెప్పే లెక్క కూడా ఇదే: 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు 0.25 శాతం మందు పొడి కలిపి, బొక్కకు 15 గ్రాముల పొట్లం. ఇంట్లో కలపకుండా తయారు బిళ్లే తీసుకోండి. బతికున్న బొక్కలో జానెడు లోపలికి కర్రతో తోసి, మూతిని ఆకుతోనో వదులుగా మట్టితోనో కప్పండి. లాన్ మీద, కుండీల మధ్య విసరొద్దు. ఇది రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది కాబట్టి ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు పడుతుంది. వెంటనే చావకపోవడమే దీని బలం, మిగతా ఎలుకలకు ఎర మీద అనుమానం రాదు. మూడో రోజుకు ‘మందు పని చేయట్లేదు’ అని రెట్టింపు వేసేవాళ్లుంటారు, అది తప్పు. పది పన్నెండు రోజులాగి, మళ్లీ బొక్కలు మూసి చూసి, తెరుచుకున్న వాటికే రెండోసారి వేయండి.

చచ్చినవి కనిపిస్తే ఆ పొద్దే ఏరి పూడ్చాలి. వాటిని తిన్న పిల్లికి, ముంగిసకు, గుడ్లగూబకు కూడా ఆ విషం పోతుంది, అవి పోతే మీకు జీతం లేకుండా పని చేసేవాళ్లే పోయినట్టు. పిల్లలో కుక్కో బిళ్ల నోట్లో పెట్టుకుంటే ‘ఏం కాలేదు కదా’ అని ఆగొద్దు, రక్తస్రావం రెండు మూడు రోజుల తర్వాత మొదలవుతుంది. ప్యాకెట్ పట్టుకొని వెంటనే ఆసుపత్రికి పోండి, విటమిన్ కె1తో విరుగుడు ఉంది. జింక్ ఫాస్ఫైడ్‌కు గానీ, పసుపు భాస్వరం ఉన్న ఎలుకల పేస్టుకు గానీ విరుగుడు లేదు, వాటిని ఇంటి గడప దాటనివ్వకండి. అల్యూమినియం ఫాస్ఫైడ్ గోళీలు బొక్కలో వేస్తామని వచ్చేవాళ్లను పంపించేయండి. ఆ గోళీల నుంచి వచ్చే విషవాయువు నేలలోని సందుల గుండా పడకగదిలోకి వస్తే మనుషులే పోతారు.

నాఫ్తలీన్ ఉండలు, కారం, శబ్దం చేసే ప్లగ్గులు మీద డబ్బు పెట్టకండి. పైపుతో నీళ్లు వదలడం అన్నిటికన్నా చెడ్డది. నీళ్లు నాలుగు మూతుల్లోంచి పోతాయి, ఎలుక అయిదో దాంట్లోంచి పోతుంది, మీ పార్కింగ్ బండల కింద మట్టి కొట్టుకుపోయి కుంగుతుంది. నల్లరేగడి మీద కట్టిన ఇల్లయితే మరీ ప్రమాదం.

అసలు కాపాడేది జాలి. కోళ్ల జాలి వాడొద్దు, దాని అంగుళం కన్నంలోంచి పిల్లలు దూరిపోతాయి, తీగ ఒకటి రెండు వానకాలాలకు తుప్పు పడుతుంది. అరంగుళం కన్నాలున్న జీఐ (జింకు పూత ఇనుము) వెల్డ్ మెష్, తీగ మందం కనీసం ఒక మిల్లీమీటరు ఉన్నది తీసుకోండి. చిట్టెలుకలు కూడా ఆగాలంటే పావంగుళం కన్నాలది. గడ్డలు వేసే మడి పది అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు అనుకుందాం. అడుగున్నర లోతు మట్టి తీసి అడుగున జాలి పరిచి, నాలుగు వైపులా అరడుగు పైకి మడవాలి. అంటే పదకొండు అడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు జాలి కావాలి. మూడడుగుల చుట్ట దొరికితే పదకొండు అడుగుల ముక్కలు రెండు కోసి, మధ్యలో ఒకదాని మీద ఒకటి అడుగు మేర ఎక్కించి బైండింగ్ వైరుతో జానెడుకొక కట్టు వేయండి. ఆ అతుకు దగ్గర పిసినారితనం చూపితే ఎలుక దూరేది అక్కడే.

లాన్ చుట్టూ అయితే పొలం వైపు గోడ పొడవునా రెండడుగుల కందకం తవ్వి జాలిని నిలువుగా దించి, అడుగున అడుగు మేర పొలం వైపుకు ఎల్ ఆకారంలో వంచండి. తవ్వుకుంటూ దిగిన ఎలుక ఆ మడతకు తగిలి ఆగుతుంది. లోపలి వైపుకు వంచితే అది మడత కింది నుంచి వచ్చేస్తుంది. మామిడి, జామ మొక్కలకు కాండం నుంచి నాలుగంగుళాల ఎడంతో అడుగు లోతు, అడుగున్నర ఎత్తు జాలి గొట్టం చాలు. కాండం లావెక్కుతున్న కొద్దీ వదులు చేయాలి, మరిచిపోతే జాలి బెరడులోకి దిగుతుంది. మోరీ గొట్టాల మూతికి కూడా అరంగుళం జాలే.

దీనికో కాలముంది. వానకాలం వరి కోతలు అక్టోబరు చివరి నుంచి, యాసంగి కోతలు ఏప్రిల్, మే నెలల్లో. హార్వెస్టర్ దిగిన వారంలోనే పొలంలో తిండీ నీడా పోయిన ఎలుకలు మీ గోడ వైపు వస్తాయి. జాలి, బోన్లు దానికి ముందే సిద్ధంగా ఉండాలి. మూలన పేర్చిన ఇటుకలు, కొబ్బరి పీచు, కట్టెల కుప్ప తీసేయండి. పిచ్చుకలకని వేలాడదీసే వరి కంకుల కింద రాలిన గింజ, కుక్క గిన్నెలో మిగిలిన అన్నం సాయంత్రం కల్లా ఊడ్చేయండి. కంపోస్టులో వండిన అన్నం వేయొద్దు.

బొక్కలు ఉత్తవని రెండు రాత్రులు తేలాకే పూడ్చాలి. లోపల జీవం ఉండగా మూస్తే పక్కన కొత్తది తవ్వుతుంది, లేదా అక్కడే చచ్చి వారం రోజులు కంపు కొడుతుంది. గోడ వారన ఉన్న వాటిలో ఇటుక ముక్కలు, కంకర గట్టిగా దట్టించి పైన ఒక పాలు సిమెంటుకు నాలుగు పాళ్లు ఇసుక కలిపిన మాలు వేయండి. లాన్‌లో వాటికి సిమెంటు వద్దు: సొరంగం పొడవునా పారతో మోపి కుంగదీసి, ఎర్రమట్టి, ఇసుక సగం సగం కలిపి నింపి, తడిపి తొక్కి, మర్నాడు కుంగిన చోట మళ్లీ నింపండి. గడ్డి పలకలు మృగశిర వానలు పడ్డాక పరిస్తే తొందరగా వేరు పట్టుకుంటాయి. మే ఎండల్లో పరిస్తే రోజుకు రెండు తడులిచ్చినా అంచులు ఎండిపోతాయి.